కొబ్బరితోట అమ్మొద్దు: ఒంట్లో పెట్టే క్లోమం ఎంతవరకు వచ్చింది?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. మా బాబుకి 12 ఏళ్లు, బరువు 36 కిలోలు. మూడేళ్ల కిందట టైప్ 1 షుగరు బయటపడింది. 30/70 ఇన్సులిను పొద్దున 18, రాత్రి 12 యూనిట్లు చేస్తున్నాం. తెల్లారేసరికి 250 దాటి ఉంటుంది. ఒక్కోసారి రాత్రి రెండు మూడింటికి చెమటలు పట్టి లేస్తాడు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చూపే పరీక్ష) 9.8. పొట్టలో కృత్రిమ పాంక్రియాస్ పెడితే ఇక సూదులే అక్కర్లేదని వీడియోలో చూశాం. తెలిసినాయన ఒకరు ట్రయల్‌లో పేరు రాయిస్తాను, ముందు 2 లక్షలు కట్టండి అంటున్నారు. మావారు 20 సెంట్ల కొబ్బరితోట అమ్మేద్దామంటున్నారు. కట్టమంటారా, ఆగమంటారా, లేక బయట పెట్టుకునే పంపు కొనమంటారా? మా అత్తగారికి కూడా షుగరే, బిళ్లలు వాడుతున్నారు. ఆవిడకీ ఇది పనికొస్తుందా?
ఒక తల్లి, కోనసీమ

జవాబు: తోట అమ్మొద్దమ్మా, ఆ 2 లక్షలూ కట్టొద్దు. పొట్టలో పెట్టేసి ఇక మరిచిపోవచ్చు అనే పరికరం ఇవాళ ఏ దేశంలోనూ అమ్మకానికి లేదు. మీ బాబు ఇప్పుడు పడుతున్న ఇబ్బందిలో చాలా భాగం అంత పెద్ద పరికరం లేకుండానే తగ్గుతుంది. ముందు సూదుల పద్ధతి మారాలి, తర్వాత సెన్సర్, ఆపైన స్తోమత ఉంటే పంపు. మా మాట ఈ వరసే.

మీరు చూసిన వీడియోలో బహుశా మూడు వేర్వేరు వస్తువుల్ని కలిపేసి ఉంటారు. మొదటిది నడుముకి తగిలించుకునే పంపు, చర్మానికి అంటించి షుగరు చూసే సెన్సర్, రెండింటినీ కలిపి నడిపే ప్రోగ్రాము. ఇది మార్కెట్లో ఉంది. రెండోది పంపునీ సెన్సర్‌నీ పూర్తిగా ఒంట్లోపల పెట్టే యంత్రం. మూడోది ఇన్సులిను తయారుచేసే బతికున్న కణాల్ని ఒంట్లో పెట్టడం. రెండోదీ మూడోదీ ఎందుకింత ఆలస్యమవుతున్నాయో తెలిస్తే ఆ మధ్యవర్తి మాటల్ని మీరే తూకం వేసుకోగలరు.

ముందు యంత్రం సంగతి. పంపుని పొట్టలో పెట్టాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1980ల మొదట్లోనే మనుషులకి పెట్టి చూశారు. పొట్ట చర్మం కింద టైటానియం బిళ్ల, దాన్నుంచి పేగుల చుట్టూ ఉండే ఖాళీలోకి ఒక సన్నని గొట్టం. ఆ చోటు ఎంచుకోవడానికి గట్టి కారణమే ఉంది. ఆరోగ్యవంతుల్లో క్లోమం (పాంక్రియాస్) వదిలిన ఇన్సులిను ముందు కాలేయానికి వెళ్తుంది, అక్కడే సగం దాకా ఖర్చైపోతుంది. చర్మం కింద వేసిన ఇన్సులిను ఒళ్లంతా తిరిగి ఆలస్యంగా కాలేయానికి చేరుతుంది. త్వరగా పనిచేసే రకమైనా మొదలవడానికి 10-15 నిమిషాలు, పూర్తి బలం అందుకోవడానికి గంట నుంచి గంటన్నర, దిగిపోవడానికి 3 నుంచి 5 గంటలు పడుతుంది. సెన్సర్ కూడా రక్తం కంటే 5 నుంచి 15 నిమిషాలు వెనకబడి చూపిస్తుంది. ధవళేశ్వరంలో తలుపులెత్తితే శివారు చేలకి నీరు చేరేసరికి ఎంత సేపవుతుందో మీకు తెలుసు. చర్మం కింద నడిచే పంపు తిప్పలూ అవే: షుగరు పెరిగిందని తెలిసేసరికే ఆలస్యం, ఇన్సులిను వదిలాక పనిచేసేసరికి ఇంకో ఆలస్యం, ఎక్కువ వదిలామని తెలిశాక వెనక్కి తీసుకునే దారి లేదు. పొట్టలోపల వదిలితే ఈ ఆలస్యం బాగా తగ్గుతుంది.

మరి ఎందుకు ఆగిపోయింది? ఆ రకం పంపుల్లో 15 మిల్లీలీటర్ల తొట్టె ఉండేది. అందులో మిల్లీలీటరుకి 400 యూనిట్ల చిక్కటి ఇన్సులిను పోసేవారు. అంటే మొత్తం 6,000 యూనిట్లు. రోజుకి 30 యూనిట్లు వాడే మీ బాబుకి లెక్క ప్రకారం 200 రోజులు రావాలి. రాదు. ఒంటి వేడి 37 డిగ్రీలు, నడిచినా కదిలినా కుదుపు. ఈ రెండిటికీ ఇన్సులిను అణువులు ఒకదానికొకటి అతుక్కుని జిగురు పోగుల్లా తయారవుతాయి. బలం తగ్గుతుంది, గొట్టం పూడుకుపోతుంది. అందుకని ఆరు వారాల నుంచి మూడు నెలల లోపు ఆసుపత్రికెళ్లి, చర్మం మీంచి సూది గుచ్చి, పాతది లాగేసి కొత్తది నింపించుకోవాలి. గొట్టం చివర కండ పెరిగి మూసుకుపోతే మళ్లీ చిన్న ఆపరేషను. బిళ్ల పెట్టిన చోట చీము పడితే తీసేయడమే. కొందరిలో ఇన్సులినుకి వ్యతిరేకంగా యాంటీబాడీలు పెరిగాయి. బ్యాటరీ అయిపోతే పంపునే మార్చాలి. యూరప్‌లో, ముఖ్యంగా ఫ్రాన్స్‌లో కొంతకాలం వాడారు. అమెరికాలో అమ్మకానికి అనుమతి రాలేదు, తర్వాత తయారీయే ఆగింది.

సెన్సర్‌ది ఇంకో కష్టం. ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో ఎరిక్ రెనార్ బృందం 2000 ప్రాంతంలో గుండె దగ్గరి పెద్ద సిరలో సెన్సర్ పెట్టి, దాని తీగని చర్మం కిందుగా పొట్టలోని పంపుకి కలిపి పరీక్షించింది. పూర్తిగా ఒంట్లోపలి యంత్రం అంటే అదే. నడిచింది కూడా, కానీ సెన్సర్ నెలల్లోనే చచ్చుబడేది. గ్లూకోజుని పట్టే ఎంజైము ఒంటి వేడికి అరిగిపోతుంది. పైగా ఒళ్లు దేన్నైనా పరాయి వస్తువుగా చూసి చుట్టూ మచ్చకండ కట్టేస్తుంది. ఆ గూడు లోపలికి గ్లూకోజు ఆలస్యంగా చేరుతుంది. ఇప్పుడు భుజం చర్మం కింద పెట్టే ఎవర్‌సెన్స్ సెన్సర్‌కి ఎంజైము బదులు గ్లూకోజు తగిలితే వెలిగే రసాయనం వాడారు, మచ్చకండ కట్టకుండా చుట్టూ స్టెరాయిడ్ ఉంగరం పెట్టారు. 2018లో 90 రోజులకి అమెరికా అనుమతి వచ్చింది, 2022లో 180 రోజులకి, 2024లో 365 రోజులకి. నిజమైన ముందడుగే. అయితే అది 18 ఏళ్లు దాటినవాళ్లకే, పైన ట్రాన్స్‌మిటర్ అంటించుకోవాలి, అది షుగరు చూపిస్తుందే తప్ప ఇన్సులిను ఇవ్వదు.

నింపే బాధ తప్పించడానికి విచిత్రమైన ప్రయత్నాలు జరిగాయి. ఇటలీలోని పీసా బృందం 2021లో పేగు గోడకి ఆనుకుని ఉండే చిన్న రోబో చేసింది. ఇన్సులిను ఉన్న గొట్టం బిళ్ల మింగితే రోబో అయస్కాంతంతో దాన్ని పట్టుకుని, సూదితో ఇన్సులిను లాక్కుని, ఖాళీ గొట్టాన్ని వదిలేస్తుంది. పందుల్లో పనిచేసింది. ఇంగ్లండులోని డి మాంట్‌ఫోర్ట్ యూనివర్సిటీలో జోన్ టేలర్ బృందం బ్యాటరీ, మోటారు ఏమీ లేకుండా, గ్లూకోజు పెరిగితే మెత్తబడి ఇన్సులినుని వదిలే జెల్‌తో పరికరం తయారుచేసింది. ఆలోచన ముచ్చటైనది. ఈ రెండిట్లో ఏదీ మందుల దుకాణం దాకా రాలేదు.

ఇక కణాలు. మా దృష్టిలో అసలు ఆశ ఇక్కడుంది, మోసాలు ఎక్కువ జరిగేదీ ఇక్కడే. జూన్ 2025లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, వెర్టెక్స్ కంపెనీ మూల కణాల (స్టెమ్ సెల్స్) నుంచి తయారుచేసిన జిమిస్లెసెల్ అనే కణాల్ని కాలేయానికి వెళ్లే సిరలోకి ఎక్కించాక, పూర్తి మోతాదు అందుకున్న 12 మందిలో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిను అవసరం లేకపోయింది. గొప్ప ఫలితమే. కానీ పెట్టిన కణాల్ని ఒళ్లు చంపేయకుండా రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతూనే ఉండాలి. ఆ పరీక్షలో పాల్గొన్న ఒకరు మెదడు పొరల ఇన్ఫెక్షన్‌తో చనిపోయారు. చీటికీమాటికీ హైపోలో (షుగరు బాగా పడిపోయి) స్పృహ తప్పే పెద్దవాళ్లకి ఆ బేరం గిట్టుబాటు కావచ్చు, 12 ఏళ్ల పిల్లవాడికి కాదు.

ఆ మందులు అక్కర్లేకుండా కణాల్ని సంచిలో పెట్టి లోపల అమర్చుదామని అదే కంపెనీ చూసింది. వీఎక్స్-264 అనే ఆ ప్రయత్నం సరిపడా ఇన్సులిను రాక మార్చి 2025లో ఆగిపోయింది. ఇలా ఎందుకు అవుతుందో కాస్త లెక్క చూడండి. ఒక మనిషికి సుమారు 5 లక్షల కణగుచ్ఛాలు కావాలనుకుందాం. ఒక్కోటి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అన్నీ పోగేస్తే 1 మిల్లీలీటరు కూడా ఉండదు, టీస్పూనులో అయిదో వంతు. చిన్నదే కదా అనిపిస్తుంది. కానీ వాటికి ఆక్సిజన్ బాగా కావాలి, అది రక్తనాళం నుంచి 100-200 మైక్రాన్ల దూరం దాటి చేరదు. సంచి గోడ రక్షణకణాల్ని ఎలా ఆపుతుందో రక్తనాళాల్నీ అలాగే ఆపేస్తుంది. అందుకని కణాల్ని పలచగా పరచాలి. 250 మైక్రాన్ల మందం పలకలో పదో వంతు జాగాని కణాలతో నింపితే 350 చదరపు సెంటీమీటర్ల పలక అవుతుంది, నోటుపుస్తకం పేజీ అంత. కణాల్ని దగ్గరగా కుక్కితే మధ్యవి ఊపిరాడక చస్తాయి. ఆపైన చుట్టూ మచ్చకండ కడితే అన్నీ చస్తాయి. అమెరికాలోని ఎంఐటీ బృందం 2023లో ఒంట్లోని నీటి ఆవిరిని విడగొట్టి ఆక్సిజన్ తయారుచేసే సంచిని ఎలుకల్లో పరీక్షించింది. 2025లో స్వీడన్‌లోని ఉప్సలాలో, రోగనిరోధక వ్యవస్థ కంట పడకుండా జన్యువులు మార్చిన కణాల్ని ఒకాయన ముంజేతి కండరంలో పెట్టారు. అణిచే మందులు లేకుండానే అవి బతికాయి. అయితే వేసిన మోతాదు చిన్నది, ఆయన ఇన్సులిను మానలేదు. దారి కనిపిస్తోంది గానీ దానికి తేదీ చెప్పేవాళ్లని నమ్మకండి.

మరి ఆ ట్రయల్ మాట. మన దేశంలో మనుషుల మీద చేసే ప్రతి ట్రయల్ 2009 నుంచి క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి. ఆ జాబితాని ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఆయన్ని సీటీఆర్ఐ నంబరు అడగండి. నంబరిస్తే అందులో ఆసుపత్రి పేరు, డాక్టరు పేరు, చేర్చుకునే వయసు, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంటాయి. ఆయన చెప్పినదానితో అవి సరిపోతున్నాయో లేదో చూడండి. నిజమైన ట్రయల్‌లో పరీక్షించే పరికరానికి రోగి దగ్గర డబ్బు తీసుకోరు. మీకు అర్థమయ్యే భాషలో సమ్మతి పత్రం ఇస్తారు, పిల్లవాడి ఒప్పుకోలు కూడా విడిగా అడుగుతారు, హాని జరిగితే వైద్యం ఎవరు చేయిస్తారో రాసి ఉంటుంది. ముందు డబ్బు అడిగారంటే చాలు, ఇక మిగతావి చూడక్కర్లేదు. ‘స్టెమ్ సెల్స్ ఎక్కిస్తాం, షుగరు పోతుంది’ అనే సెంటర్లదీ ఇదే కథ. 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం షుగరుకి స్టెమ్ సెల్ చికిత్సని ట్రయల్ బయట డబ్బుకి అమ్మకూడదు.

ఇప్పుడు బాబు సంగతి. మీరు రాసిన రెండు లక్షణాలూ ఒకే కారణం నుంచి వస్తున్నట్టున్నాయి. రాత్రి చేసే 12 యూనిట్ల 30/70లో 8.4 యూనిట్లు నెమ్మదిగా పనిచేసే ఎన్‌పీహెచ్, 3.6 మామూలు రెగ్యులర్. ఎన్‌పీహెచ్ చేసిన 4 నుంచి 8 గంటల మధ్య బలంగా ఉంటుంది. ఎనిమిదింటికి సూది వేస్తే అర్ధరాత్రి నుంచి నాలుగు దాకా. చెమటలు పట్టేది అప్పుడే. తర్వాత అది దిగిపోతుంది, తెల్లవారుజామున ఒంట్లో షుగరుని పెంచే హార్మోన్లు లేస్తాయి, పొద్దున 250. మోతాదు పెంచితే రాత్రి ప్రమాదం, తగ్గిస్తే పొద్దున ఇంకా ఎక్కువ. కలిపిన ఇన్సులినుతో ఈ ముడి విడదు. పైగా బడిలో మధ్యాహ్నం ఎంత తిన్నా పొద్దున వేసిందే గతి.

కలిసి ఉన్న ఆ రెండు రకాల ఇన్సులినునీ విడదీయమని మీ డాక్టరుని అడగండి. బేసల్‌కి, అంటే రోజంతా నెమ్మదిగా పనిచేసేదానికి, గ్లార్జిన్ లాంటిది రోజుకి ఒకసారి, మూడు పూటలా భోజనానికి ముందు త్వరగా పనిచేసేది. అది ఖరీదనిపిస్తే పాత రకాలతోనే చేయొచ్చు: భోజనానికి అరగంట ముందు రెగ్యులర్, ఎన్‌పీహెచ్‌ని రాత్రి భోజనంతో కాకుండా పడుకునే ముందు. దాని బలం అప్పుడు తెల్లవారుజాముకి జరుగుతుంది. మోతాదులు మీ అంతట మీరు మార్చకండి. వెళ్లే ముందు నాలుగైదు రాత్రులు పడుకునే ముందు, మూడింటికి, లేవగానే షుగరు చూసి రాసిపెట్టండి. ఆ కాగితం చూస్తే డాక్టరు పని సగం అయిపోతుంది.

భోజనం లెక్క ఇలా వేస్తారు. 500ని రోజు మొత్తం మోతాదుతో భాగించాలి. మీ బాబుకి 30 యూనిట్లు కాబట్టి దాదాపు 17. అంటే 17 గ్రాముల పిండిపదార్థానికి 1 యూనిట్. 1800ని 30తో భాగిస్తే 60: త్వరగా పనిచేసే ఇన్సులిను 1 యూనిట్ షుగరుని సుమారు 60 తగ్గిస్తుంది. వండిన అన్నం 100 గ్రాముల్లో 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. 150 గ్రాముల అన్నం తింటే 42 గ్రాములు, 2.5 యూనిట్లు. తినే ముందు 240 ఉండి 120కి తేవాలంటే ఇంకో 2. ఇవి మొదలుపెట్టడానికి అంచనాలే, వయసు వస్తుంటే ఇన్సులిను అవసరం పెరుగుతుంది. వంటింట్లో చిన్న తూకం, అర యూనిట్ చొప్పున తిప్పే పెన్ను కొనండి. ఈ లెక్క నేర్చుకోకుండా ఎంత ఖరీదైన పంపు పెట్టినా ఉపయోగం తక్కువ, ఎందుకంటే ఇవాళ్టి ఆటోమేటిక్ పంపుల్లో దాదాపు అన్నిటికీ భోజనం సంగతి ఏదో రూపంలో మనమే చెప్పాలి.

సీసా, సిరంజి కూడా చూడండి. మన దగ్గర మిల్లీలీటరుకి 40 యూనిట్ల సీసాలూ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. 40కి ఎర్రమూత సిరంజి, 100కి నారింజ మూత. 100 ఇన్సులినుని ఎర్రమూత సిరంజిలో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు. పంపులో 100 రకమే వేయాలి. పొరపాటున 40 పోస్తే పిల్లవాడికి అందేది అయిదింట రెండు వంతులే.

తర్వాత ఖర్చు పెట్టాల్సింది సెన్సర్ మీద. 14 రోజులు ఉండేది ఒక్కోటి సుమారు 5 వేలు. నెలకి రెండు కొనలేకపోతే డాక్టరు దగ్గరికెళ్లే ముందు రెండు వారాలు పెట్టండి, మిగతా రోజుల్లో స్ట్రిప్పులు. 70 నుంచి 180 మధ్య రోజులో 70 శాతం సమయం, 70 కంటే కింద 4 శాతం లోపు ఉండాలన్నది లక్ష్యం. సెన్సర్ ఉన్న భుజం మీద ఒత్తిగిలి పడుకుంటే అది హైపో లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. నిద్రలో అలారం మోగితే ముందు వేలు గుచ్చి చూడండి. నిజంగా 70 కంటే తగ్గితే కిలోకి 0.3 గ్రాముల చొప్పున, మీ బాబుకి 10-12 గ్రాముల గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి ఇచ్చి 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. కొబ్బరిబొండంలో తీపి ఎంతుందో కాయని బట్టి మారుతుంది కాబట్టి హైపోకి దాన్ని నమ్ముకోవద్దు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి.

పంపు కొనాలనుకుంటే మన దేశంలో దొరికే వాటిలో మినీమెడ్ 780జి తనంతట తాను 5 నిమిషాలకోసారి మోతాదు సరిచేస్తుంది. 7 ఏళ్లు నిండిన, రోజుకి కనీసం 8 యూనిట్లు వాడే పిల్లలకి పెట్టొచ్చు. పంపు ధర లక్షల్లో ఉంటుంది, కానీ కుటుంబాలు కుదేలయ్యేది నెలవారీ ఖర్చుతో. గొట్టం సెట్టు 2-3 రోజులకోసారి మార్చాలి, నెలకి కనీసం 10. సెన్సర్ వారానికొకటి, నెలకి 4-5. ఇన్సులిను వేరే. కొనకముందే ఏడాది ఖర్చు కాగితం మీద రాయించుకోండి. రెండేళ్లు ఆగకుండా కొనలేమనిపిస్తే కొనొద్దు. మధ్యలో సెన్సర్లు ఆపేస్తే అది మామూలు పంపే.

పంపులో త్వరగా పనిచేసే ఇన్సులిను ఒక్కటే ఉంటుంది, వెనక బేసల్ నిల్వ ఉండదు. గొట్టం మడతపడితే మూడు నాలుగు గంటల్లో కీటోన్లు (ఇన్సులిను చాలనప్పుడు రక్తంలో పేరుకునే ఆమ్లాలు) మొదలవుతాయి. గంట తేడాతో రెండుసార్లు 250 దాటితే పంపుని నమ్మకుండా కీటోన్లు చూసి, పెన్నుతో సూది వేసి, సెట్టు మార్చాలి. రక్తంలో కీటోన్లు 1.5 దాటితే డాక్టరుకి ఫోను, 3 దాటినా వాంతులవుతున్నా ఆసుపత్రి. ఇంకో సంగతి, ఈ పంపు వాడే గార్డియన్ సెన్సర్ పారాసిటమాల్ వేసుకుంటే షుగరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అది నమ్మి పంపు ఇన్సులిను గుమ్మరిస్తుంది. జ్వరం వచ్చినప్పుడు ఆటోమేటిక్‌లో ఉంచాలో లేదో ముందే అడిగి పెట్టుకోండి.

కోనసీమ ఉక్కకి అంటించినవి ఊడిపోవడం మామూలే. కొబ్బరినూనె రాసిన ఒంటి మీద ఏ జిగురూ నిలవదు. అంటించే చోటు ముందురోజు నుంచే నూనె మానేసి, స్పిరిటుతో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టాలి. వాడుతున్న ఇన్సులిను 30 డిగ్రీల లోపు ఉంటే 28 రోజులు. ఎండాకాలం కరెంటు పోతే తడి కుండలో పెడతారు. పొడి ఎండలో అది బాగానే పనిచేస్తుంది, గాలిలో తేమ ఎక్కువున్న రోజు అంతగా చల్లబడదు. కుండలో ఒక థర్మామీటరు వేసి చూడండి. ఐసు మీద నేరుగా పెట్టొద్దు, గడ్డకట్టిన ఇన్సులిను పారేయాల్సిందే. వరదల్లో, తుపాన్లప్పుడు లంకల్లో దారులు మూసుకుపోతాయి కాబట్టి జులై నుంచి నవంబరు దాకా వారానికి సరిపడా ఇన్సులిను, సిరంజిలు, స్ట్రిప్పులు, గ్లూకోజు, కీటోన్ పట్టీలు ఒక సంచిలో ఉంచండి. ఆ పంపు ఏఏ బ్యాటరీతో నడుస్తుంది, అవి నాలుగు అందులోనే వేయండి.

మీ అత్తగారికి ఇదేదీ అక్కర్లేదు. ఆవిడది టైప్ 2 అయితే క్లోమంలో కణాలు ఇంకా పనిచేస్తూనే ఉంటాయి, ఒంటికి ఇన్సులిను సరిగ్గా పట్టకపోవడం అసలు సమస్య. బిళ్లలతో హెచ్‌బీఏ1సీ ఎంత ఉందో చూడండి. ఏడాదికోసారి కంటి రెటీనా, మూత్రంలో ఆల్బుమిన్, పాదాల స్పర్శ పరీక్షలు చేయించండి. బాబుని తీసుకెళ్లేటప్పుడు ఆవిడ రిపోర్టులు కూడా పట్టుకెళ్లండి.